మూడు చింతగింజల వణుకు

అది 1949, ఎండాకాలం. పాలమూరు స్టేషన్ తొవ్వల నాకొక హార్మోనియం రిపేరు దుకాణం ఉండె. పోలీసు యాక్షన్ అయినంక మా అసొంటి సాయిబులం తలుపులేసుకుని ఇండ్లల్ల కూసున్న రోజులవి. ఆరు నెలలకు దుకాణం తెరిస్తే, నెల దినాలు ఈగలు తోలుకుంట కూసున్న. ఒక్కడు రాలే.

గప్పుడు జడ్చర్ల అవతలి ఊరి నుంచి సాయన్న అనేటాయన బండి కట్టుకుని పెట్టె తెచ్చిండు. ఆ ఊరి భజనల తాళాలు కొడుతడు. మనిషి బక్కగున్నా గొంతు మాత్రం నగారా.

"మేస్త్రి, గొడవలల్ల రెండేండ్లు భజన బందు. పెట్టె అటుక మీదనే పండుకున్నది. ఎలుకలు బెల్లోస్ కొరికినయి. శనివారం మళ్ల మొదలువెడుతున్నం. బెల్లోస్‌కు అతుకెయ్యి, ఇంకేది ముట్టకుమని బాలయ్య తాత మరీమరీ చెప్పిండు."

బెల్లోస్ అంటే గాలి కొట్టే తిత్తి. బాలయ్య తాత అంటే ఆ ఊరి భజన గురువు. ముందట కూసుండి పెట్టె వాయించి పాడేది ఆయననే. ఆయన జాగల కూసోవాలని సాయన్నకు చానా రోజుల సంది ఆశ. నా ముందటనే అన్నడు, "తాతకు వయసైంది. ఈసారి గొంతు లేవకపోతే నేనే అందుకోవాలె మల్ల."

తిత్తి బాగుచేసి, పైపలక ఎత్తి చూసిన. ట్రెమోలో ఖరాబు! ట్రెమోలో అంటే స్వరాన్ని వణికిచ్చే తీరు. లోపల ఒక బెజ్జం, దాని మీద సన్న స్ప్రింగుకు కట్టిన చిన్న రెక్క, రెక్క కొసకు సీసం బిళ్ల. ముందటి గుండీ గుంజితే గాలి ఆ రెక్కను కొట్టుకుంట పోతది, స్వరం వణుకుతది. బిళ్ల బరువైతే వణుకు నెమ్మది, తేలికైతే జోరు. ఈ పెట్టెల స్ప్రింగు ముసలిదై కుంటుతున్నది. పైగా గుంజిన గుండీ మళ్ల లోపలికి పోకుంట ఎవడో ఇంత ఇనుప మొల కొట్టిండు.

ముట్టకుమన్నరు, నిజమే. కాని నా చేతి కిందికొచ్చిన పెట్టె కుంటుకుంట పోతే నా ఇజ్జత్ ఏం గావాలె? అందుల అన్ని నెలలకు వచ్చిన మొదటి పని. మొల పీకిన. కొత్త స్ప్రింగేసిన, కొత్త బిళ్ల పెట్టిన. గుండీ లోపలికి నూకి, పెట్టెను నేనే తీసుకుని శనివారం ఆ ఊరికి పోయిన. నా పనితనం పదిమంది వినాలె గద!

పొద్దుగూకక ముందే భజన ఖతం కావాలని ఊళ్లె దిగిన క్యాంపు పోలీసుల హుకుం. అందుకని పగటీలి మూడింటికే చావడి నిండింది. బాలయ్య తాత పెట్టె ముందట కూసుండి, కండ్లు మూసుకుని ఎత్తుకున్నడు.

పెట్టె గీత గీసినట్టు సాపుగ పలికింది. తాత గొంతు గజగజ వణికింది.

ఆడోళ్లు నవ్వాపుకోను నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నరు. తాత కండ్లు తెరిచి గుండీ గుంజిండు. నా కొత్త స్ప్రింగు కుట్టుమిషన్ లెక్క టకటక అందుకున్నది. తాత గొంతేమో ఎడ్లబండి లెక్క మెల్లగ ఊగుతున్నది. రెండు వణుకులు కలవకపాయె. పోరగాండ్లు పక్కున నవ్విండ్రు. సాయన్న తాళాలు ఆపి గొంతు సవరించుకున్నడు.

"మేస్త్రి పని సగంల ఉన్నది. జర ఆగుండ్రి" అనుకుంట తాత నన్నూ, పెట్టెనూ పక్క అర్రలకు గుంజుకపోయి తలుపేసిండు.

"మొల ఎవడు పీకమన్నడు ర?"

"కుంటుతుండె తాతా..."

"కుంటనీ! నేను కుంటుతలేనా?"

మొల కొట్టింది ఆయననే. పోయినేడు రాత్రి వచ్చే దళపోళ్లు, పగలు వచ్చే రజాకార్లు అన్నం ఎవరికి పెట్టినవని అడుగుతుంటే, మూడు దినాలు వడ్ల గుమ్మిల దాసుకున్నడట. గప్పటి సంది గొంతుల వణుకు. ఈ మధ్యన పెట్టె దించి, చిరిగిన తిత్తితోనే ఇంట్ల ఒక్కడే పాడి చూసుకున్నడు. ఆ కుంటి ట్రెమోలో, ఆయన వణుకు అచ్చం కలిసినయి.

"పెట్టె వణుకుతున్నదనుకుంటరు, నన్నెవడు అడగడనుకున్న. కొంప ముంచితివి గద ర!"

పాత స్ప్రింగు పాలమూరుల ఉన్నది. సంచిల మైనమున్నది, సీసం లేదు. అర్రల చింతగింజల గంప కనవడ్డది. మైనంతోని ఒక గింజ అంటిచ్చిన. తాత "ఆ..." అన్నడు. పెట్టె ఇంకా ఉరుకుతున్నది. రెండోది పెట్టవోతే జారి కిందవడ్డది. మళ్ల పెట్టిన, మళ్ల పడ్డది. తాత నా చెయ్యి దిక్కు చూసిండు.

"నీకు సుత వణుకు ఉన్నదా?"

"తలుపులేసుకుని కూసున్న కాన్నుంచి, తాతా."

నా మణికట్టు పట్టుకున్నడు. ఆయన పడితే నేను రెండోది అంటిచ్చిన, మూడోది అంటిచ్చిన. "ఆ..." అన్నడు. రెండు వణుకులు కలిసినయి. తాత మొకం విప్పారింది. "ఇగ మొల కొట్టు. గట్టిగ!"

ఆ దినం భజన ఎట్ల నడిచిందంటే, చావడి గేటు కాడ నిలవడ్డ పోలీసాయన గూడ తలూపిండు. "ఏం బాగుచేసినవ్ మేస్త్రి! తాత గొంతే మారిపాయె" అని అందరికంటె పెద్దగ మెచ్చుకున్నది సాయన్ననే. పాపం, వెర్రిబాగులోడు అనుకున్న.

అప్పటి సంది ఏ పెట్టె వచ్చినా, ఏం బాగుచేయాలె అన్నంక, ఏది బాగుచేయొద్దు అని గూడ అడుగుతున్న. నా పనిల నేర్చుకున్నదాంట్ల పెద్దది గదే.

తాత పోయినంక ముందటి జాగ సాయన్నకే వచ్చింది. చానా ఏండ్లకు ఆ పెట్టె పట్టుకుని మళ్ల దుకాణానికి వచ్చిండు. జుట్టు తెల్లగైంది.

"బెల్లోస్ చూడు మేస్త్రి. మొల ముట్టకు. గా మూడు చింతగింజలు గూడ."

నేను నోరు తెరిచిన. "గింజల సంగతి నీకెట్ల తెలుసు?"

"ఆ దినం తలుపు సందులకెళ్లి చూసిన గద."

"మరి ముందటి జాగ కావాలని ఉండె గద నీకు? ఒక్క మాటంటే అయిపోతుండె!"

"ఉండె. కాని గా ఏడాది వణకనోడెవడు మేస్త్రి?" అన్నడు. తరువాత నా చెవు కాడికి వంగిండు. నగారా గొంతు సన్నగ ఊగుతున్నది.

"జర, ఇంకో గింజ పెట్టు."