తోలేవాడు లేని రైల్లో అమ్మ

ఢిల్లీలో కాపురముంటున్న అక్క పంపిన వీడియో చూసి నాకు కడుపు మండింది. మెట్రో రైలు మొదటి పెట్టె. డ్రైవరు లేడు, డ్రైవరు కూర్చునే గదీ లేదు. ముందర పెద్ద అద్దం, ఆ అద్దానికి ముక్కు ఆనించి, అక్కను చూసొస్తానని పోయిన మా అమ్మ. పక్కన అక్క, అమ్మ భుజం చుట్టూ చెయ్యేసి. రైలు తనంతట తానే సొరంగంలోకి దూరుతుంటే అమ్మ కేకపెట్టి నవ్వుతోంది. ఆమె అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

నా మంటకు కారణం తెలియాలంటే మా ఇంటి కట్టుబాటు చెప్పాలి. మాది వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. వేటకు పోయే మా కుటుంబంలో ఒక ఇంటివాళ్ళు ఇద్దరు ఒకే పడవ ఎక్కరు. అన్న ఒక పడవైతే తమ్ముడు ఇంకో పడవ. గాలివాన ఒక పడవను మింగినా ఇంటికొకడు మిగలాలని. అమ్మ ఆ కట్టుబాటును నేలమీదికి కూడా తెచ్చింది. నెల్లూరులో పెళ్ళికి పోవాలంటే ఆమె ముందు బస్సు, నేను వెనక బస్సు. నాన్న జబ్బుచేసి పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నాకు పెళ్ళి కాలేదు. అప్పట్నించి ఆమె పట్టు మరీ బిగిసింది. వాకాడు బడిలో పాఠాలు చెప్పడానికి నేను రోజూ స్కూటీ మీద పోతాను. ఒక్కరోజు కూడా ఆమె నా వెనక కూర్చోలేదు. ఎండలో ఆటో కోసం నిలబడి ఉంటుంది, నేను వెనక సీటు ఖాళీగా పెట్టుకుని ఆమె ముందునుంచే పోతాను. చూసినవాళ్ళు మాకిద్దరికీ మాటల్లేవేమో అనుకునేవాళ్ళు.

సరే, కట్టుబాటు కట్టుబాటే అని ఊరుకున్నాను. ఇప్పుడు చూస్తే, తోలే మనిషే లేని రైల్లో అక్కతో కలిసి ఊరేగుతోంది! ఆటో ఎక్కేముందు డ్రైవరును ఎగాదిగా చూసి, "తాగలేదు గదా నాయినా?" అని అడిగే మనిషి. అక్కడ ఎవర్ని అడిగిందట?

అక్క ఊరుకోకుండా ఫోను కూడా చేసింది. "అమ్మ నా చెయ్యి వదల్లేదే. రోజూ ఎక్కించమంటాది. నీ స్కూటీ కంటే నా రైలే నయమంట!"

ఆటపట్టిస్తోందని తెలుసు. అయినా ఏడుపొచ్చింది. ఎప్పుడో ఒకసారి కనపడే కూతురు ముద్దు. రోజూ మందులిచ్చి, మోకాళ్ళకు నూనె రాసేది నేను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు మరి.

అమ్మ తిరిగొచ్చిన రోజు గూడూరు స్టేషనుకు స్కూటీ మీదే పోయాను, కావాలనే. అమ్మ రైలు దిగి బండి వంక చూసి, "ఆటో యాడ?" అంది. ఆమెను ఆటో ఎక్కించి, దాని పొగ మింగుతూ ఇంటిదాకా వెనకే వచ్చాను.

సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరారు.

"తోలేవోడు లేకుండా ఎట్ట పోతాది మే?"

"అదే పోతాది. స్టేషనొస్తే అదే నిలబడతాది, తలుపులూ అదే తీస్తాది. మనం చెయ్యెత్తినా ఆగదు, తిట్టినా పలకదు," అంది అమ్మ. అందరూ పగలబడి నవ్వారు.

"నీకు భయం వెయ్యలా?"

"ఎందుకేస్తాది? పెద్దది పక్కనే ఉండ్లా!"

నేను లోపలికి పోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేట్టు సర్దాను. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, చీరలు మడతపెడుతున్న అమ్మను నిలదీశాను.

"ఇద్దురూ ఒక బండెక్కగూడదనేది నాకొక్కదానికేనా? అక్కతో ఎక్కితే ఏం గాదా? ఆమె మీదుండే నమ్మకం నా మీద ల్యా. ఆ మాటే చెప్పరాదా?"

అమ్మ చీర మడత ఆపలేదు. ఇంత తెలిసిన విషయం అడుగుతుందేమిటన్నట్టు చూసింది.

"అక్కను ఇచ్చేసినాం గదమ్మా. అది ఆ ఇంటి మనిషి. వేరే వేరే ఇండ్లోళ్ళు ఒక పడవెక్కితే తప్పేముండాది? మనింటికి నువ్వూ నేనే. ఇద్దురం ఒకతూరే పోతే ఈ గడప కాడ దీపం పెట్టేదెవురు?"

మడిచిన చీర పెట్టెలో పెట్టి, ఆకలేస్తోంది అన్నం పెట్టమంది.

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆ మాటే నాలో నేను అనుకుంటున్నాను, మనింటికి నువ్వూ నేనే అని. అమ్మ తిని చెయ్యి కడుక్కుంటుండగా అక్క ఫోను చేసింది.

"ఏమే, ఇప్పుడన్నా నీ బండెక్కిందా అమ్మ?"

"ఎక్కలేదు."

"చూసినావా! నా రైలెక్కింది." అక్క గలగలా నవ్వింది. ఆ నవ్వు అచ్చం అమ్మదే.

"నీకేమక్కా," అన్నాను, "అదృష్టవంతురాలివి."