ఖాజా భాయ్ పిల్లి

మా ఖాజా మొహిద్దీన్‌కి ఎవరికీ వినిపించనివి వినిపిస్తాయి. దేవుడి మాటలో, దయ్యాల గజ్జెలో అనుకునేరు. అంత పెద్దవి కావు. బల్లి గుటక వేసిన చప్పుడు, గోడవతల చీమ ఆవలించిన చప్పుడు. మాచర్లలో ఎవరైనా తుమ్మితే నరసరావుపేటలో రికార్డింగ్ ఆపేసే మనిషి.

ఎనభై ఆరులో మేం నలుగురం కలిసి క్రిస్మస్ పాటల క్యాసెట్ ఆయన స్టూడియోలోనే చేశాం. స్టూడియో అంటే పాత మిరపకాయల కొట్టు. గోడలకు బొంతలూ గోనెపట్టాలూ కొట్టి, ఒక మూల మిషన్లు పెట్టుకున్నాడు. రెండుసార్లు సున్నం వేసినా ఘాటు మాత్రం పోలేదు. అందుకని మొదట ప్రార్థన, తర్వాత అందరం కలిసి తుమ్మడం, ఆ తర్వాతే పల్లవి.

మా పెద్ద ఏలియా మాస్టారు. బళ్ళో లెక్కలు చెబుతారు, హార్మోనియం కూడా లెక్కల్లాగే వాయిస్తారు. పాడేది నర్సు రత్నకుమారి. తబలా ధనుంజయరావు. మాండొలిన్ ఈ బాలశౌరి, అంటే నేను. మొదటి రోజే మాస్టారు బెత్తం లేకుండానే బెదిరించారు.

"తప్పు కొట్టినోడి పేరు క్యాసెట్ కార్డు మీద ఉండదు. గుంటూరు నుంచి వేరే మనిషిని పిలిపిస్తా. ఇప్పుడే చెప్తన్నా."

నేను జాలిగా ధనుంజయరావు వైపు చూశాను. నా పేరు అచ్చవుతుందని గురజాలలో అత్తగారి వాడకట్టు మొత్తానికి అప్పటికే చెప్పేసి వచ్చాను.

అప్పట్లో పాటంతా ఒకే ఊపులో టేపు మీదికి ఎక్కాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికే. మేమేమో చెమటలు కక్కుతూ (ఫ్యాను చప్పుడని ఖాజా అదీ ఆపించాడు) చరణం దాకా ఈదుకొస్తాం. అప్పుడు హెడ్‌ఫోన్లు పట్టుకుని అరుస్తాడు.

"ఆపండాపండి!"

"ఏందయ్యా ఖాజా?"

"ఎడ్లబండి, మాస్టారూ. ఇరుసుకి కందెన లేదు."

ధనుంజయరావు వీధిలోకి పరిగెత్తి చూసొచ్చేవాడు. బండీ లేదు, ఎడ్లూ లేవు. మర్నాడు రత్నకుమారి రెండో చరణంలో ఉండగా కీచురాయి వినిపించింది. బొంతలన్నీ దులిపాం. రాలింది మిరప గింజలే.

"భాయ్, నీ చెవులు ఆస్పత్రికి పట్టుకురా, ఒకసారి చూపిద్దాం" అంది రత్నకుమారి.

అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే. "వినుకొండ కొండ మీద మేక నెమరేస్తంది భాయ్, దాన్ని ఆపమని తంతి కొట్టు" అనేవాణ్ణి. ఆయన నవ్వేసి టేపు వెనక్కి తిప్పుకునేవాడు.

ఆఖరి రోజు, ఆఖరి పాట. సాయంత్రం అయిదింటికి, మా క్యాసెట్లు అచ్చు వేయించే ప్రభాకరరావు గారు మద్రాసు బయల్దేరుతున్నారు. ఆయన చేతిలో టేపు పెడితేనే పండక్కి క్యాసెట్లు వస్తాయి. పాటలో రెండో చరణానికి ముందు నా మాండొలిన్ బిట్టు. తబలా హోరులో అది నాకే సరిగ్గా వినపడదు. నా ముందున్న మైకుకీ, ఖాజా చెవులకీ మాత్రమే తెలియాలి. సరిగ్గా అక్కడికి రాగానే,

"ఆపండాపండి! పిల్లి!"

ఒకసారి కాదు, పదకొండుసార్లు. గడియారం మూడు దాటింది.

"ఒరేయ్ శౌరీ, ఆ పిల్లి సంగతేందో చూసి రారా" అన్నారు మాస్టారు పళ్ళు నూరుతూ.

ఖాజా నా భుజం పట్టుకున్నాడు. "మాండొలిన్ కూడా తీసుకురా అన్నా. దానికి నీ వాయింపంటే చానా ఇష్టం."

పెరట్లో నన్ను తిరగేసిన బకెట్టు మీద కూర్చోబెట్టాడు. "ఆ బిట్టే వాయించు. పరిగెత్తమాక, బెదిరిద్ది. మెల్లంగా."

వాయించాను.

"ఆ మలుపు కాడ కొంచెం నిలబడి కొట్టు. అక్కడే చెవులు రిక్కిస్తది."

పిల్లికి కూడా సంగీతజ్ఞానం ఉన్నందుకు పొంగిపోయి, ఎర్రటి ఎండలో ఇరవైసార్లు వాయించాను. ఖాజా భార్య మహమూదా కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లి మాత్రం రాలేదు.

"ఇంక రాదులే అన్నా, నిద్రపోయుంటది" అన్నాడు ఖాజా. లోపలికెళ్ళి కూర్చున్నాం. పాట ఒక్క దెబ్బకి పూర్తయింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. టేపు అయిదింటికి బయల్దేరింది.

మర్నాడు, మరిచిపోయిన గొడుగు కోసం వెళ్ళాను. ఖాజా పాడైన టేపులు చెరిపేసే ముందు ఒకసారి వింటున్నాడు. తబలా మోత తగ్గించి, నా మైకు పెంచి పెట్టినట్టున్నాడు. గుమ్మంలోనే నిలబడిపోయాను. మలుపు దగ్గర మాండొలిన్ బురదలో జారిన గేదెలా బోర్లా పడింది. "ఆపండాపండి!" మళ్ళీ గేదె. మళ్ళీ ఆపండి. పదకొండుసార్లూ గేదే. పిల్లి ఒక్కసారి కూడా లేదు.

"భాయ్," అన్నాను, "పిల్లి యాడుంది?"

"మా ఇంట్లో పిల్లి యాడిది అన్నా?" అంది మహమూదా పెరటి గుమ్మంలోంచి. "పిల్లిని చూస్తే ఈయన మంచమెక్కి కూకుంటాడు."

ఖాజా టేపు ఆపి, నా గొడుగు నా చేతికిచ్చాడు. "తప్పు నీదంటే నీ చేతులు వణుకుతాయ్ అన్నా. పిల్లిదంటే వణకవు. అంతే."

కందెన లేని ఎడ్లబండి ఎవరిదో, కీచురాయి ఎవరిదో అప్పుడు అర్థమైంది. ధనుంజయరావుకి చెబుదామని నాలిక దురద పుట్టింది గానీ, నా గేదె సంగతీ చెప్పాల్సొస్తుందని మింగేశాను. కార్డు మీద నా పేరు అచ్చయింది. మా అత్తగారు క్యాసెట్టంతా విని, "మధ్యలో ఆ టింగుటింగు నువ్వేనా అబ్బాయ్?" అన్నారు. అంతకంటే కీర్తి నాకు మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడాది రెండో క్యాసెట్. మొదటి పాట ఇంకా ఎత్తుకుంటున్నాం. "ఆపండాపండి! పిల్లి!"

నా చేతివైపు చూసుకున్నాను. నేనింకా తీగ ముట్టుకోలేదు. తబలా మీద చెయ్యి పడలేదు. రత్నకుమారి నోరు తెరవలేదు. గదిలో మోగుతున్నది హార్మోనియం ఒక్కటే.

"ఈ పిల్లి మనల్ని బతకనియ్యదయ్యా!" అంటూ ఏలియా మాస్టారు హార్మోనియం పక్కకు జరిపి, నేల మీద వంగి వెతుకుతున్నారు. ఖాజా నావైపు చూసి, వెంటనే మిషన్ వైపు తిరిగిపోయాడు.

నేను లేచి నిలబడ్డాను. "మాస్టారూ, హార్మోనియం పెరట్లోకి పట్టుకెళ్ళమంటారా? ఈ ఏడు పిల్లికి అదంటే ఇష్టమంట."