కవలలు ఈనిన ఆవు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లెలో పశువుల డాక్టరుగా ఉన్నాను. నాతో చదివిన అమ్మాయి అప్పటికే హనుమకొండలో కుక్కల క్లినిక్ పెట్టి ఏసీ గదిలో కూర్చునేది. నేనేమో భుజం దాకా గ్లౌజు తొడుక్కుని పేడలో నిలబడేదాన్ని. ఆమె ఫోటోలు చూస్తే కడుపు మండేది. అందుకేనేమో, లచ్చమ్మ బాధ నాకు చప్పున అర్థమైంది.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దకోడలిగా లచ్చమ్మ ఏరికోరి ఆవును తీసుకుంది. తోడికోడలు సరోజకు రెండు మేకలు మిగిలాయి. మూడేళ్లు తిరిగేసరికి సరోజ దొడ్డి నిండా మేకలే.

“డాక్టరమ్మా, మా ఆవుకు ఏదో రోగమున్నది, జర సూడు,” అంటూ లచ్చమ్మ దవాఖానకు తోలుకొచ్చింది.

ఆవు చూడితో నిక్షేపంగా ఉంది. అదే చెప్పాను.

“మరి సరోజ మేకలు ఈతకు రెండేసి ఈనవట్టె. ఇదేమో ఒక్కటే ఈనుతాంది.”

ప్రతి జంతువుకూ ‘లైఫ్ హిస్టరీ’ అని ఒకటుంటుంది. ఎప్పుడు ఎదకు వస్తుంది, ఎన్నాళ్లు మోస్తుంది, ఎన్ని కంటుంది, ఎంతకాలం బతుకుతుంది అన్నవన్నీ కలిపి అలా అంటాం. ఎలుక మూడు వారాలు మోసి బోలెడు పిల్లల్ని కంటుంది, వాటిలో చాలావరకు పిల్లికో పాముకో పోతాయి. ఏనుగు రెండేళ్లకు దగ్గరగా మోసి ఒక్కదాన్నే కని, ఏళ్ల తరబడి వెంట తిప్పుకుంటుంది. మేకకు అయిదు నెలలు, ఆవుకు తొమ్మిది. ఇదంతా ఓపిగ్గా చెప్పాను.

“ఏనుగు ముచ్చట నాకెందుకు బిడ్డా? కవలలు పుట్టే సూది ఉన్నదట గద, అదియ్యి.”

అలాంటిది లేదన్నాను. నమ్మలేదు.

తీరా ఆ ఈతకే ఆవు ఒక కోడెను, ఒక పెయ్యను ఈనింది. రెండోదాన్ని నేనే బయటికి లాగాను. లచ్చమ్మ ఊరంతా జున్ను పంచింది, ఎటు వెళ్లాలన్నా సరోజ వాకిలి ముందునుంచే వెళ్లింది. మర్నాడే సరోజ దవాఖానకు వచ్చింది.

“మా అక్క ఆవుకు ఏం సూదిచ్చినవ్ డాక్టరమ్మా? నా మేకలకు గూడ ఇయ్యి.”

ఇంతలో లచ్చమ్మ ఆ ఆవును అంగడిలో అమ్మేసి పెయ్యను ఉంచుకుంటానంది. అదీ కవలలనే ఈనుతుందని ఆమె ఆశ. ఆ మాట వినగానే వాళ్ల కొట్టానికి వెళ్లాను. మేకలకు కవలలు మామూలే. ఆవు కడుపులో మాత్రం కవలల రక్తం కలిసిపోయి, కోడె హార్మోన్లు పెయ్య గర్భసంచిని ఎదగనివ్వవు. అలాంటి పెయ్యను ‘ఫ్రీమార్టిన్’ అంటాం. అది దాదాపు ఎప్పుడూ గొడ్డుమోతే. పరీక్ష చేశాను, ఇదీ అంతే.

“తల్లిని అమ్మకక్కా. ఈ పెయ్య ఈనదు.”

లచ్చమ్మ గోడ అవతల సరోజ దొడ్డి వైపు చూసింది. తర్వాత, “సరోజకు ఎర్కనా?” అంది.

“లేదు.”

“చెప్పకు.”

ఆవును అమ్మలేదు. ఏడాదిన్నర తర్వాత అటు వెళ్తే పెయ్య నున్నగా మెరుస్తోంది, తల్లికంటే ఎక్కువ తవుడు తింటోంది. దీన్నింకా ఎందుకు మేపుతున్నావని అడిగాను.

“సరోజ రోజు గోడ మీదికెళ్లి సూస్తాంది. ఇది ఎన్ని ఈనుతదో అని దానికి నిద్ర పడ్తలేదు. అమ్మితే సుఖంగ పండుకుంటది గద.”

పాలకు, దున్నడానికి, ఎరువుకు పశువును మేపుతారని కాలేజీలో చదువుకున్నాను. పక్కింటి కడుపుమంటకు కూడా మేపుతారని లచ్చమ్మ కొట్టంలో నేర్చుకున్నాను.