శుక్రవారం గబ్బిలాలు

ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో నేను అద్దెకుంటున్న ఇంట్లోనే, మంచం వేస్తే మనిషికి చోటు మిగలని పైగదిలో, ఖమ్మం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. గబ్బిలాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఈ మాట విన్నప్పుడల్లా మనవాళ్లు, "మరి తర్వాత జాబ్ ఎట్లా?" అని అడిగేవారు. గబ్బిలాల గురించి మాత్రం ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఆమె వెతికేది మామూలు గబ్బిలాన్ని కాదు. బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఎండాకాలం గడిపి, చలి ముదిరేలోగా పడమటి దేశాలకు వలసపోయే జాతిని. నాలుగైదు జీడిపప్పుల బరువుండే ప్రాణి. అది ఐర్లండ్ దాకా వస్తోందా, వస్తే ఎక్కడ దిగుతోంది అన్నది తేల్చాలి. గబ్బిలం కూత మన చెవికి అందదు కాబట్టి, దాన్ని పట్టే చిన్న పెట్టెల్ని ఇళ్ల వెనక గోడలకు తగిలిస్తారు. పొద్దుగూకగానే అవి వాటంతటవే పని మొదలుపెడతాయి. అవి పట్టిన చప్పుళ్లను యూనివర్సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ విని, ఇది ఫలానా జాతి అని చెబుతుంది. ఆ మాటను గైడు నమ్ముతాడు. గైడు మాటను అమ్మాయి నమ్ముతుంది. నేను పనిచేసిన పత్రికాఫీసులో వార్తలు కూడా ఇలాగే పైకి పోయేవి గనుక నాకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించలేదు.

గోడలు దొరకడమే కష్టమైంది. ఐరిష్ ఇళ్లవాళ్లు మర్యాదగా తలుపు తీసి, అంతకన్నా మర్యాదగా వేసేశారు. ఆమెకు కారు లేదు, నాకు కారుంది గానీ పని లేదు. అందుకని నేనే ఆమెను పక్క ఊళ్లు లీక్స్‌లిప్, క్లోనీల్లో నాకు తెలిసిన మన ఇళ్లకు తీసుకెళ్లాను. ఒక్కరూ కాదనలేదు. గోడ ఇచ్చారు, అన్నం పెట్టారు, గోంగూర పచ్చడి డబ్బాలో కట్టిచ్చారు. కాలువ మీది రాతి వంతెన దగ్గర ఒక్కచోట తప్ప, మిగతా పెట్టెలన్నీ తెలుగువాళ్ల గోడలకే వేలాడాయి.

క్లోనీలో ఒక ఇల్లు ఉంది. యజమాని గుంటూరు వైపు మనిషి, కంప్యూటర్ల ఉద్యోగం. కొత్తగా వస్తున్న కుర్రాళ్ల వల్లే రెంట్లు పెరిగాయని ప్రతి విందులోనూ బాధపడతాడు. తాను వచ్చినప్పుడు అప్పటికే ఉన్నవాళ్లు ఇదే బాధ పడ్డారని నేను విన్నాను. గబ్బిలం మాట ఎత్తగానే ఆయన ముఖం మాడింది.

"ఇంటి చుట్టూ గబ్బిలం తిరిగితే మంచిది కాదు సార్. శాంతి చేయించాలంటారు మావాళ్లు."

"ఇది యూరప్ గబ్బిలమండి. చాలా అరుదట," అన్నాను.

"యూరప్‌దా?" అన్నాడు. "అయితే ఈశాన్యం గోడకి పెట్టుకోండి, వాస్తు ప్రకారం బాగుంటుంది," అన్నాడు.

ఫలితాలు రావడం మొదలైంది. కాలువ దగ్గర అడపాదడపా తప్ప వినిపించని వలస గబ్బిలం మన ఇళ్ల వెనక మాత్రం తెగ తిరుగుతోంది. మరీ విచిత్రంగా, శుక్రవారాలు ఎక్కువగా వస్తోంది. గైడు పొంగిపోయి ఒక సిద్ధాంతమే లేవదీశాడు. శుక్రవారం సాయంత్రం జనం పబ్బులకు పోతారు, పెరళ్లలో దీపాలుండవు, చీకటిని ఇష్టపడే గబ్బిలాలు అటు దిగుతాయి. థీసిస్‌లో అదే ముఖ్యమైన అధ్యాయం కావాలన్నాడు. అమ్మాయి రాత్రీ పగలూ దాన్నే రాసింది. ఆ అధ్యాయం నిలబడితే డిగ్రీ వస్తుంది. నిలబడకపోతే ఆ శరదృతువు మొత్తం నీళ్లపాలు.

క్లోనీ యజమాని తన వంతు పరిశోధన ఆఫీసులో సాగించాడు. "మా ఇంటికి లాట్వియా నుంచి వస్తుంది," అని అందరికీ చెప్పాడు. దేశం పేరు ఆయనే నిర్ణయించాడు.

దసరా వచ్చింది. గబ్బిలాల రాక ఆ వారం ఆకాశాన్నంటింది. క్లోనీ ఇంటివాళ్లు పూజకు రమ్మని మా ఇద్దరినీ పిలిచారు. బయట జల్లు పడుతోంది. అగరొత్తుల పొగకు స్మోక్ అలారం మోగకుండా ఇంటావిడ కిటికీ బార్లా తెరిచి, హారతి వెలిగించి, గంట కొట్టింది. అమ్మాయి కోటు జేబులో, గబ్బిలం కూతను మన చెవికి వినిపించే చేతి యంత్రం ఒకటి ఉంది. అది చిటపటలాడింది.

"చూశారా, ప్రసాదం వేళకి దిగింది," అన్నాడు యజమాని.

అమ్మాయి కిటికీలోంచి చూసింది. వానలో ఒక్క ప్రాణీ ఎగరడం లేదు. కిటికీ పక్కనే గోడకు ఆమె పెట్టె ఉంది.

"ఆంటీ, మళ్లొక్కసారి కొట్టరా?"

ఆవిడ కొట్టింది. జేబు పలికింది. ఆపింది. జేబు ఆగింది.

"శుక్రవారం కూడ కొడ్తరా ఆంటీ?"

"అదేం ప్రశ్నమ్మా. అమ్మవారి రోజు కొట్టకుండా ఎట్టా?"

"రోజూ పొద్దుగూకంగనే?"

"దీపం పెట్టేది అప్పుడేగా."

అమ్మాయి సోఫా అంచున కూర్చుంది. గంట మోతలో మన చెవికి అందని సన్నటి మోత కూడా ఉంటుందని, సాఫ్ట్‌వేర్ దాన్నే గబ్బిలం కూత అనుకుందని నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం, "అంకుల్, అది గబ్బిలం కాదు. ఆంటీ గంట. అన్ని ఇండ్లల్ల గంటే," అంది. ఆమె ఎంతో శ్రద్ధగా గీసిన వలస దారి మొత్తం మన దేవుడి గదుల పటమని నాకు అప్పుడు బోధపడింది.

యజమాని తొందరగానే తేరుకున్నాడు. గొంతు తగ్గించి, "ఎవరికి తెలుస్తుందమ్మా? శుక్రవారం గంట సంగతి ఆ గైడుకేం తెలుసు? నువ్వు చెప్తేనేగా," అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ యూనివర్సిటీలో ఎంత పెద్ద ప్రొఫెసరైనా, ఎన్నిసార్లు సరిచూసినా, దాన్ని పట్టుకోలేడు.

"నాకు తెల్సు కదా అంకుల్," అంది అమ్మాయి.

"నీకు తెలిస్తే ఏంటి? నువ్వు మనమ్మాయివేగా."

ఆమె మర్నాడు గైడుకు చెప్పింది. ఆయన అంతా విని, "గ్రాండ్," అన్నాడట. ఈ దేశంలో ఇల్లు కాలినా, పెళ్లి కుదిరినా ఆ మాటే గనుక, ఆయన ఏ అర్థంలో అన్నాడో ఆమెకు తెలియలేదు. ఇళ్ల లెక్కలన్నీ కొట్టేయమన్నాడు. అధ్యాయం పోయింది. మిగిలింది కాలువ వంతెన దగ్గరి పెట్టె ఒక్కటే. దానికి మరో ఏడాది పొడిగింపు అడగాలి, ఇస్తారో లేదో తెలియదు.

పెట్టె విప్పడానికి వెళితే క్లోనీ యజమాని స్క్రూడ్రైవర్ కూడా అందివ్వలేదు. "పోనీ మామూలువన్నా తిరుగుతున్నాయా?" అని అడిగాడు.

"తిరుగుతున్నయ్ అంకుల్. ఇక్కడివే. శానా ఉన్నయ్."

"ఇక్కడివి నాకెందుకమ్మా. ఆఫీసులో ఏం చెప్పను నేను?"

ఆ వారం చివర్లో, వాన తెరిపిచ్చిన ఒక సాయంత్రం, ఆమెతోపాటు వంతెన దగ్గరికి వెళ్లాను. చీకటి పడుతుండగా ఆమె చేతిలో యంత్రం రెండుసార్లు చిటపటమంది. నేను సంబరంగా ఆకాశంలోకి చూశాను. ఆమె చూడలేదు. ముందు కాలువగట్టు వెంట ఇటూ అటూ, తాళాల గుత్తి ఆడించుకుంటూ ఎవరైనా నడుస్తున్నారేమోనని చూసింది. తాళాలు గలగలలాడినా ఆ యంత్రం గంటకు పలికినట్టే పలుకుతుందట. నా జేబులు కూడా తడిమి చూసుకోమంది. తడుముకున్నాను, ఏమీ లేవు. ఆ తర్వాతే ఆమె తలెత్తింది.