నాయన కనుబొమలు

కళ్యాణదుర్గం రోడ్డులో శనక్కాయల మిల్లు దాటేటప్పుడు, బస్సు కిటికీలోంచి ఎండు మట్టి కలిసిన ఆ పొట్టు వాసన ముక్కుకు తగిలితే, ఊరు గుర్తుకు రావడం తరువాత సంగతి, ముందు నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంట్లో వానలకు ముందు విత్తనపు కాయలు చేత్తోనే ఒలిచేవాళ్లం. కాయల మీద నీళ్లు చిలకరించి, నడవలో కుప్ప పోసి, చుట్టూ అమ్మ, అవ్వ, నేను, చెల్లెలు పద్మ కూర్చుంటే, బొటనవేళ్లకు బొబ్బలు, నోట్లో పచ్చి విత్తనాల పాలు, చెవులకు కమ్మల్లాగా తగిలించుకున్న కాయలు, అవ్వ కొంగులోని బెల్లం ముక్క మీద ఆశ. చేనినుంచి నాయన వచ్చి గడపలో నిలబడగానే మాత్రం మాటలన్నీ ఆగిపోయేవి.

"మీ నాయన మొగం సూసి మాట్లాడండే," అనేది అమ్మ.

చూసేదాన్ని. పుట్టు పిరికిదాన్ని కదా, నా కళ్లు నేరుగా ముడిపడిన ఆ కనుబొమల మీదికే పోయేవి. పద్మకు అవి కనపడేవే కావు. మీసం కింద నవ్వు కోసమే వెతికేది, ఉందనే అనుకునేది, మొండిఘటం.

నేను పదో తరగతి పాసైన ఏడు, ఆ కుప్ప దగ్గరే నాయన అడిగాడు. "అనంతపురంలో హాస్టలు సీటుండాదంట. పోతావా పాపా?"

నాకు కనుబొమలే కనిపించాయి. "నేను పోనులే నాయనా," అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకొని లోపలికి పోయాడు. ఆ మాఘంలోనే నాకు పెండ్లి చేశారు. తరువాత పద్మ వంతు వచ్చినప్పుడు అదే మొహంతో అదే మాట అడిగితే, "ఓ, పోతా!" అని ఎగిరి గంతేసింది. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెప్తోంది.

మొన్న నాయన దినాల నాడు పద్మే నాతో అంది. "నన్ను హాస్టల్లో దింపి ఏడ్చినాడక్కా. పెద్దది కూడా పోతాననింటే ఎంత బాగుండు అన్న్యాడు. ఆయనకు కోపమెప్పుడుండాది? ఎండకు కండ్లు చిట్లిచ్చుకొని అట్ల కనపడతాడంతే."

ఎండంట, ఎండ! నువ్వు పోతే నాకు సంతోషమే అని ఒక్కసారి నోరు తెరిచి చెప్తే ఆయన సొమ్మేం పోయేది? ఇంటిల్లిపాదీ ఆయన మొహం చూసి మసలుకోవాల్సిందే గానీ, ఎదురుగా వణుకుతున్న పిల్ల మొహం ఆయన చూడనక్కర్లేదా?

చేత్తో విత్తనం ఒలిచే ఇండ్లు ఇప్పుడు లేవు. ఆ నడవ కూలిపోయింది. అమ్మా లేదు, నాయనా లేడు. ఇన్నాళ్లకు అడిగే ధైర్యం వచ్చింది నాకు, యాడికి పోయి ఎవరిని నిలదీయాలి?