ఆ వెబ్‌సైట్ సుభద్ర టీచర్ గారిది

నిన్న పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే తెలియని నంబర్ నుంచి ఫోన్.

"నేను రమణిని. సుభద్ర టీచర్ గారు పోయేరు. నీకు చెప్పాలి కాబట్టి చెప్తన్నాను."

అంతే. పెట్టేసింది.

మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడకి ఒంట్లో బాలేదని కూడా నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం నేనెప్పుడూ చేయలేదు.

సాయంత్రానికి మా స్కూల్ వాట్సాప్ గ్రూప్ నిండా దండాలు, పువ్వులు. "మన స్కూల్‌కి వెబ్‌సైట్ వచ్చిన రోజులు మర్చిపోలేం" అని ఎవరో రాశారు. దాని కిందే ఇంకెవరో అప్పటి హెడ్మాస్టర్ గారి ఫోటో పెట్టారు.

అందుకే ఇది రాస్తున్నాను.

రాజోలు దగ్గర మా హైస్కూల్లో ఆవిడ సైన్స్ టీచర్. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. అమలాపురంలో అప్పుడప్పుడే నెట్ సెంటర్లు వస్తున్నాయి. నెట్‌లో సైన్స్ అంతా ఇంగ్లీషులోనే ఉందని ఆవిడకి కోపం.

"మన పిల్లలకి అర్థమయ్యేలా మనమే పెడదామర్రా," అన్నారు.

తొమ్మిదో తరగతి వాళ్ళం ఆరుగురం చేరాం. నేనూ రమణీ అందులో ఉన్నాం.

శనివారం ఒంటిపూట బడి అవ్వగానే బస్సెక్కి అమలాపురం వెళ్ళేవాళ్ళం. తెలుగులో టైప్ చేస్తే వేరే కంప్యూటర్లో అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా కనిపించేవి. అందుకని తెల్ల కాగితాల మీద చేత్తో రాసి, బొమ్మలు వేసి, స్కాన్ చేసి పెట్టేవాళ్ళం. ఒక్క పేజీ తెరుచుకునేలోపు టీచర్ గారు తెచ్చిన జంతికలన్నీ అయిపోయేవి.

మా మొదటి మంచి పేజీ గోదావరి పోటూ పాటూ గురించి. సముద్రం పొంగితే మా రేవులో నీళ్ళెందుకు పెరుగుతాయి అని. ఒక ఆదివారం వెదురు గెడకి గీతలు పెట్టి, రేవులో పాతి, గంటగంటకీ నీటి మట్టం రాసుకున్నాం.

రమణి వాళ్ళ నాన్న అప్పన్న గారిది వేట పడవ. మా కొలతలు చూసి నవ్వారు. రేపు పోటు ఎప్పుడొస్తుందో, అమావాస్యకి ఎందాకా ఎక్కుతుందో నోటితోనే చెప్పేశారు. టీచర్ గారు ఆ పడవ అంచునే కూర్చుని ప్రతి మాటా రాసుకున్నారు.

"నాదేవుందండి, మా తాతల కాణ్ణించీ తెలిసిందేనండి," అన్నారాయన.

"మీరు చెప్పింది మీ పేరు మీదే ఉండాలండీ," అన్నారు ఆవిడ.

ఆ పేజీ అడుగున ఆయన పేరు రాయించారు. సైట్ మొదటి పేజీలో మా ఆరుగురి పేర్లు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో తన పేరు.

సైట్‌కి జిల్లాలో పేరొచ్చింది. ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారని కబురు. హెడ్మాస్టర్ గారు నన్ను తన రూమ్‌కి పిలిచారు. పాస్‌వర్డ్ నా దగ్గర ఉండేది.

"అమ్మా పద్మా, స్కూలు సైటన్నాక ముందు స్కూలు పెద్ద పేరుండాలి కదా. ఇన్ని పేర్లుంటే చూడ్డానికి బాగోదు. నాది పెట్టి, నీదుంచి, మిగతావి తీసెయ్. టీచరు గారితో నేను మాట్లాడేనులే."

"ఆయ్ అండి," అన్నాను.

మాట్లాడలేదని నాకు తెలుసు. ఆవిడ పక్క క్లాసులోనే ఉన్నారు. వెళ్ళి ఒక్క మాట అడగొచ్చు. అడిగితే తీయొద్దంటారు. అందుకే అడగలేదు. మా ఆరుగురిలో నా పేరొక్కటే ఉండబోతోందన్న సంతోషం.

తీసేశాను. అప్పన్న గారి పేరుతో సహా.

పేపర్లో హెడ్మాస్టర్ గారి పక్కన నా ఫోటో పడింది. ఆఫీసర్లు వచ్చిన రోజు టీలూ టిఫిన్లూ చూడమని టీచర్ గారికి పని చెప్పారు. చూశారు.

తర్వాతి శనివారం ఆవిడ బస్సెక్కలేదు. "ఇంక మీరే చూసుకోండర్రా," అన్నారు.

ఎవరం చూసుకోలేదు. ఆ తర్వాత ఒక్క పేజీ కూడా చేరలేదు. కొన్నేళ్ళకి ఫ్రీగా చోటిచ్చిన కంపెనీయే మూతపడి సైట్ మొత్తం పోయింది. నేను మాత్రం ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా దాని గురించి గొప్పగా చెప్పుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత అమలాపురం బస్టాండులో టీచర్ గారు కనిపించారు. వంగి దండం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"తీసింది నువ్వేనని నాకు తెలుసే. పాస్‌వర్డు నీ ఒక్కదానికే కదా ఇచ్చేను."

బస్సు వచ్చే వైపే చూస్తూ మళ్ళీ అన్నారు.

"నా పేరు సంగతి వదిలెయ్. అప్పన్న గారిదెందుకు తీసేవు? సైటు సంగతి పేపర్లో పడ్డ రోజు ఆయన వేట మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రమణిని తీసుకుని నెట్ సెంటరుకెళ్ళేరు. నా పేరెక్కడుందో చూపించవే అన్నారంట. రమణి ఎంత వెతికినా లేదు."

రాజోలు బస్సు వచ్చింది. ఎక్కేశారు. కిటికీలోంచి కూడా చూడలేదు.

"పోనీలే" అని ఆవిడ అనలేదు. అనకపోవడమే న్యాయం.

ఇవాళ పొద్దున్న హెడ్మాస్టర్ గారు ఫోన్ చేశారు. రిటైరై చాలా కాలమైంది. గొంతు మాత్రం అలాగే ఉంది.

"అమ్మా, సంతాప సభ పెడుతున్నారంట. మనం వెబ్‌సైటు పెట్టిన సంగతి నా తరఫున నాలుగు ముక్కలు రాసిపెట్టు తల్లీ. నేను చదువుతాను."

"రాయనండి," అన్నాను.

"అదేంటమ్మా?"

"అది మీరు పెట్టింది కాదండి. నేను పెట్టిందీ కాదండి."

ఫోన్ పెట్టేశాను. ఇంత చిన్న మాట. ఆవిడ బతికుండగా నా నోట రాలేదు.

దయచేసి దీని కింద "గ్రేట్ ట్రిబ్యూట్" అని రాయకండి.

రమణీ, ఆదివారం వస్తున్నాను. ఆయన పేరు తీసింది నేనేనని మీ నాన్నగారి ముందు నిలబడి చెప్తాను. తిడితే తిట్టనీ.

టీచర్ గారూ, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మాలాంటి వాళ్ళెవరూ లేనిచోట మీ మనసు హాయిగా ఉండాలి.

సెలవు.