భారతికి కొత్త సూది పనిచేసింది

మా పెద్దమ్మాయి భారతి రొమ్ములో క్యాన్సర్ గడ్డ సగానికి తగ్గింది! ఈ రోజు తిరుపతిలో స్కాన్ చూసి డాక్టరమ్మే చెప్పింది. ఆ గడ్డ ఈస్ట్రోజన్ అనే హార్మోనుతో పెరిగే రకం. హార్మోనును అందుకునే గ్రాహకం మారిపోయి, హార్మోను లేకున్నా పనిచేస్తోందట. అందుకే హార్మోనును తగ్గించే పాత మాత్రలకు గడ్డ లొంగలేదు.

నేను బస్సు డ్రైవరుగా చేసినవాణ్ణి. "తాళంచెవి లేకుండానే బండి స్టార్టయినట్టా అమ్మా?" అని అడిగాను.

"అంతే పెద్దాయనా. ఈ సూదితో ఆ స్విచ్చునే పీకేస్తా ఉండాం" అని నవ్వింది.

బయటికి రాగానే భారతి, "ఇంగా పూర్తిగా పోలేదు నాయనా. ఊరంతా సెప్పొద్దు" అంది. మీరైతే చెప్పకుండా ఉండగలరా?

పలమనేరు బావకు, చిత్తూరు తమ్ముడికి, పీలేరు వియ్యపురాలికి ఈ కబురు చదివిన మనవాళ్ళు ఎవరైనా చెప్పండి. పుంగనూరు చెల్లెలు చెడు కబురేమోనని ఫోన్ మోగితేనే ఏడుస్తోంది. ఆమెకు మాత్రం ముందు నవ్వి, తర్వాత విషయం చెప్పండి.